వాడుకలో ఉన్నంతకాలమే వంతెన



సిడ్నీ వంతెన అనగానే అందరికీ గుర్తొచ్చేది హార్బరు మీది ఉక్కు కమాను. దాని ముందు నిలబడి తీయించుకున్న ఫొటోలు మన ఇళ్లలో ఎన్నో ఉన్నాయి. నేను ఈ రోజు మాట్లాడబోయేది మాత్రం అదే రాష్ట్రంలో, అంటే న్యూ సౌత్ వేల్స్‌లో, పల్లె దారుల్లో వాగుల మీదా నదుల మీదా ఉన్న చెక్క వంతెనల గురించి. కొన్ని నూరేళ్లు దాటాయి, కొన్ని నూట పాతికేళ్లు కూడా దాటాయి. ఇప్పుడు వాటిని ఒక్కొక్కటిగా విప్పి, ఆ చోటనే కాంక్రీటు వంతెనలు కడుతున్నారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వాటిలో ఎక్కువ భాగం మార్చవలసినవే. పాతది పోతోందని కంటనీరు పెట్టుకునేవాళ్లు ఆ వంతెన అవతల కాపురం ఉండి చూడాలి. కానీ ఉంచుకోదలచిన కొన్నింటిని మాత్రం బండ్లు నడిచే స్థితిలోనే ఉంచుకోవాలి. గేటు మూసి, చుట్టూ కంచె వేసి, దీన్ని కాపాడుతున్నాం అనుకోవడం కుదరదు. ఎందుకు కుదరదో చెప్పాలంటే ఆ వంతెనలు ఎలా కట్టారో కొంచెం చెప్పాలి.

1860 ప్రాంతంలో అక్కడ వంతెనకు ఇనుము కావాలంటే ఇంగ్లండు నుంచి ఓడలో రావాలి. ఖర్చుకు ఖర్చు, ఆలస్యానికి ఆలస్యం. దేశం చూస్తే విశాలం, జనం పలచన. లోపలి మేత భూముల నుంచి ఉన్ని బేళ్లు ఎద్దుబళ్ల మీద రేవుకో, రైలు స్టేషనుకో చేరాలి. వానాకాలంలో నది పొంగితే బళ్లు ఒడ్డున వారాల తరబడి ఆగిపోయేవి. డబ్బు తక్కువైనా అడవిలో కర్రకు కొదవ లేదు. ఆ కర్ర కూడా మామూలుది కాదు. ఐరన్‌బార్క్ అని అక్కడొక చెట్టు. మన జిల్లాల్లో కాగితం మిల్లుల కోసం పెంచే జామాయిల్‌కు చుట్టమే, రెండూ యూకలిప్టస్‌లే. జామాయిల్‌ను మనం కొద్ది ఏళ్లకే కొట్టేస్తాం. వంతెనలకు వాడిన ఐరన్‌బార్క్ చెట్లు తరాల తరబడి పెరిగి చేవ పట్టినవి. ఆ కర్ర ముక్కను నీళ్లలో వేస్తే మునిగిపోతుంది. మేకు దిగాలంటే ముందు బెజ్జం వెయ్యాల్సిందే.

సిడ్నీ విశ్వవిద్యాలయంలో విలియం వారెన్ అనే ప్రొఫెసర్ ఉండేవారు. ఆయన ఈ కర్రల్ని యంత్రంలో పెట్టి విరిచి, ఏ కర్ర ఎంత బరువుకు ఆగుతుందో లెక్క తేల్చారు. తమ అడవుల్లోని కర్ర ఎంత గట్టిదో అక్కడి ఇంజనీర్లకు అంకెల్లో తెలిసింది. అంకెలు చేతికొచ్చాక దూలాన్ని ఊహ మీద కాకుండా లెక్క ప్రకారం కోయవచ్చు. పబ్లిక్ వర్క్స్ శాఖలో పెర్సీ అలన్ అనే ఇంజనీరు ఆ లెక్కల్ని వాడుకుని 1893లో ఒక కొత్త రకం ట్రస్ గీశారు. ఆయన తన ఉద్యోగ కాలంలో 500కు పైగా వంతెనలు రూపొందించారు.

ట్రస్ అంటే త్రికోణాల అల్లిక. రెండు పక్కలా రెండు ట్రస్‌లు నిలబెట్టి, వాటి మధ్య అడ్డదూలాలు వేసి, పైన పలకలు పరిస్తే బండ్లు నడిచే వంతెన అవుతుంది. బరువు పడినప్పుడు ట్రస్‌లో పై దూలం నలుగుతుంది, కింది దూలం సాగుతుంది, మధ్యలోని ఏటవాలు కర్రలు బరువును గట్టు వైపు తోస్తాయి. నిలువుగా ఇనుప కడ్డీలుంటాయి. వాటి చివర మరలు ఉంటాయి కనుక, కర్ర ఎండి వదులైనప్పుడు నట్టు తిప్పి బిగించవచ్చు. 1861 నుంచి 1936 దాకా ఆ రాష్ట్రంలో ఇలాంటి ట్రస్ వంతెనలు 400కు పైగా కట్టారు. అయిదు రకాలు వచ్చాయి. తర్వాతి రకానికి గీత గీసిన ఇంజనీరు ముందు రకంలోని లోపం చూసి దిద్దుకుంటూ వచ్చాడు.

అలన్ గీసిన దాంట్లో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఒకటుంది. ఆయన పై దూలాన్నీ కింది దూలాన్నీ ఒక్కొక్క లావు కర్రతో చెయ్యలేదు. రెండేసి కర్రల్ని పక్కపక్కన, మధ్యలో ఖాళీ వదిలి పెట్టారు. ఆ ఖాళీలో గాలి ఆడుతుంది, తడి నిలవదు, రంగు వేసే కుంచె లోపలి దాకా పోతుంది. అంతకన్నా పెద్ద లాభం మరమ్మతులో ఉంది. జంటలో ఒక కర్ర పాడైతే రెండోది బరువు మోస్తూండగా మొదటిదాన్ని ఊడదీసి కొత్తది పెట్టవచ్చు. వంతెనను విప్పనక్కర్లేదు. కర్ర ఏదో ఒకనాడు పుచ్చుతుందని ఆయనకు తెలుసు. పుచ్చినప్పుడు మరమ్మతుకు వచ్చే వడ్రంగి పని ఎలా సాగాలో కాగితం మీద గీత గీసే రోజునే ఆలోచించారు. ఏ కర్రా శాశ్వతం కాకపోయినా వంతెన నిలిచేది ఆ ఏర్పాటు వల్లనే. అయితే వడ్రంగి రావాలి. రావడం మానేస్తే ఆ ఏర్పాటు వల్ల ప్రయోజనం లేదు.

ట్రస్ వంతెనలు పెద్ద నదుల మీద ఉండేవి. చిన్న వాగుల మీద ఉన్నవి, సంఖ్యలో ఎన్నో రెట్లు ఎక్కువైనవి, మామూలు దూలాల వంతెనలు. చెట్టు మొదళ్లనే బెరడు తీసి, గుంజల మీద అడ్డంగా పెట్టి, పైన పలకలు కొట్టినవి. ఇవి స్థానిక కౌన్సిళ్ల చేతిలో ఉంటాయి. మార్పు ఎక్కువగా జరుగుతున్నదీ ఇక్కడే.

అలాంటి ఒక వంతెనను పరీక్ష చేస్తుంటే దగ్గరుండి చూసే అవకాశం నాకు దొరికింది. పరీక్ష చేసే మనిషి వంతెన మీదికి వెళ్లలేదు, నేరుగా వాగులోకి దిగాడు. చేతిలో సుత్తి. ఒక్కో దూలాన్ని అడుగడుగునా కొడుతూ, మన ఆడవాళ్లు కుండ కొనేటప్పుడు వేలితో మోగించి చూసినట్టు, చెవి పెట్టి విన్నాడు. గట్టి కర్ర ఖంగుమంటుంది. గుల్ల కర్ర డొల్లగా మోగుతుంది. అనుమానం వచ్చిన చోట సన్నని బర్మాతో బెజ్జం వేశాడు. మొదట ఎర్రని పొట్టు, పొడిగా, గట్టిగా వచ్చింది. ఉన్నట్టుండి బర్మా పట్టు తప్పి లోపలికి జారింది. అక్కడి నుంచి కర్ర లేదు, దూలం నడుమ అంతా బోలు. కొస వంచిన తీగ ఒకటి లోపలికి పెట్టి, బోలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కొలిచి పుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత మందు పట్టించిన చెక్క శీల ఒకటి ఆ బెజ్జంలో బిగించి కొట్టాడు, నీళ్లు దిగకుండా.

బయటి నుంచి చూస్తే ఆ దూలం మొత్తం బాగానే ఉంది. చెదలు చేవను పైనుంచి తినవు. నేలలోంచి, చీలికల్లోంచి నడుముకు చేరి లోపలి నుంచి తింటాయి. బూజు కూడా అంతే, కర్ర కోసిన కొస దగ్గర, బోల్టు బెజ్జం దగ్గర, తడి ఎక్కడ నిలిస్తే అక్కడ మొదలవుతుంది. ఇక మిగిలిన గట్టి కర్ర ఎంత మందం అన్నదాన్ని బట్టి ఆ వంతెన ఎన్ని టన్నులు మోస్తుందో లెక్క కడతారు. ఆ అంకె వంతెన మొదట్లో బోర్డు మీదికి ఎక్కుతుంది.

ఊరి బతుకు ఆ బోర్డు మీది అంకెతోనే మారిపోతుంది. అక్కడి రోడ్ల మీద మామూలుగా తిరిగే ఆరు ఇరుసుల లారీకి అనుమతించిన బరువు 42.5 టన్నులు. రెండు ట్రైలర్లు తగిలించినదానికి 62.5 టన్నులు. వంతెన కట్టిన రోజుల్లో లెక్కలోకి తీసుకున్నవి ఎద్దుబళ్లు, ఆవిరి ఇంజన్లు. బోర్డు మీద పది టన్నులో, అయిదు టన్నులో అని రాశారంటే పాల ట్యాంకరు రాదు. పశువుల లారీ రాదు. ఎరువు సగం సగం లోడుగా తెచ్చుకోవాలి. స్కూలు బస్సు వంతెన ఇవతలే ఆగిపోతుంది, లేకపోతే గంటసేపు చుట్టు తిరిగి వస్తుంది. వీటన్నిటికన్నా ముఖ్యం, నీళ్లు నింపిన ఫైరింజను రాదు.

2019 చివర, 2020 మొదట్లో ఆ రాష్ట్రంలో చెలరేగిన కార్చిచ్చు మనం కూడా టీవీల్లో చూశాం. ఆ మంటల్లో పల్లె దారుల మీది చెక్క వంతెనలు చాలా కాలిపోయాయి. ఇళ్లు మిగిలిన చోట కూడా దారి మిగల్లేదు. పారిపోవడానికి ఒకే దారి ఉన్న లోయలో ఆ దారిలో ఉన్న వంతెనే అంటుకుంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. రెండేళ్లు తిరిగేసరికి 2022లో ఉత్తరాన లిస్మోర్ వైపు చరిత్రలో ఎన్నడూ చూడని వరద వచ్చింది. చెక్క వంతెనకు గుంజలు దగ్గర దగ్గరగా ఉంటాయి కనుక వరదలో కొట్టుకొచ్చే చెట్లు వాటికి అడ్డం పడతాయి. ఆ అడ్డుకట్ట వెనక నీరు పేరుకుని, ఆఖరికి వంతెననే తోసేస్తుంది. కాంక్రీటు వంతెనకు స్తంభాలు దూరంగా వేయవచ్చు. చిన్న వాగు మీదైతే మధ్యలో ఒక్క స్తంభం కూడా లేకుండా ఒడ్డు నుంచి ఒడ్డుకు వేసేయవచ్చు. కొట్టుకొచ్చిన చెట్టు కింది నుంచి వెళ్లిపోతుంది.

మరో ఇబ్బంది కర్రే. పాత కొలతలతో, అంత పొడవూ లావూ ఉన్న చేవ దూలం కావాలంటే ఇప్పుడు దొరకడం కష్టం. అలాంటి చెట్లు చాలావరకు వందేళ్ల కిందటే కొట్టేశారు. మిగిలినవాటిని కొట్టనివ్వకూడదని అడవి కోసం పోరాడేవాళ్లు అంటారు, వాళ్ల మాటలో న్యాయం ఉంది. ఒక పాత వంతెనను నిలబెట్టడానికి రెండు వందల ఏళ్ల చెట్టును నరకడం నాకూ సమ్మతం కాదు.

మార్చే పద్ధతి చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. మనం వంతెన అంటే ఏళ్ల తరబడి సెంట్రింగు, కంకర గుట్టలు, దారి మళ్లింపు అనుకుంటాం. అక్కడి చిన్న వంతెనలకు స్లాబు దిమ్మెల్ని దూరంగా ఫ్యాక్టరీలో పోస్తారు. అచ్చులో ఉక్కు తీగల్ని ముందే లాగి బిగించి, వాటి చుట్టూ కాంక్రీటు పోసి, గట్టిపడ్డాక తీగల్ని వదులుతారు. తీగ మళ్లీ పొట్టిపడాలని చూస్తుంది, ఆ పట్టు కాంక్రీటును నొక్కి ఉంచుతుంది. అందువల్ల తక్కువ మందంలోనే ఎక్కువ బరువు ఆగుతుంది. ఇక వాగు దగ్గర పాత పలకలు ఊడదీస్తారు, బోల్టులు కోస్తారు, దూలాల్ని క్రేనుతో లేపి ఒడ్డున వరసగా పెడతారు. వాటిలో చేవ చెడని వాటిని వేరు చేసి, ఇంకా మార్చని చెక్క వంతెనల మరమ్మతుకు దాచుకుంటారు. ఈ పద్ధతి చూసి నాకు సంతోషం వేసింది. కొత్త పునాదులు ఇటూ అటూ లేచాక, లారీల మీద వచ్చిన దిమ్మెల్ని క్రేను ఒక్కొక్కటే ఎత్తి పక్కపక్కన పరుస్తుంది. పరిచే పని ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. ఊరివాళ్లు కుర్చీలు తెచ్చుకుని మరీ చూస్తారు.

ఇంతవరకు మార్చడం గురించి చెప్పాను. మార్చాక పాతదాన్ని ఏం చేస్తారన్నది రెండో ప్రశ్న. దీనికి ఆ రాష్ట్రంలోనే మూడు ఊళ్లలో మూడు జవాబులు దొరుకుతాయి.

వాగా వాగా అని ఒక ఊరు. మరంబిడ్జీ నది ఒడ్డున ఉంది. అక్కడ 1895లో అలన్ రూపొందించిన పెద్ద చెక్క వంతెన తెరిచారు. అప్పటి గవర్నరు పేరు మీద హ్యాంప్డెన్ వంతెన అన్నారు. సరిగ్గా నూరేళ్లు ఊరి బరువంతా మోసింది. 1995లో పక్కనే కాంక్రీటు వంతెన కట్టి, ఆ నేల మీది ఆదిమ ప్రజల పేరే పెట్టి విరాడ్జురి వంతెన అన్నారు. ఆ రోజు నుంచి పాతదాని మీద బండి నడవలేదు. కూలగొట్టడానికి మనసొప్పలేదు, బాగుచేయడానికి డబ్బు పెట్టలేదు. వాన నీరు పలకల సందుల్లో నిలిచింది, కర్ర పుచ్చింది. కింద మనుషులు తిరిగితే ప్రమాదమని కంచె వేశారు. ఉంచుదామా తీసేద్దామా అని ఏళ్ల తరబడి వాదించుకున్నారు. వాదించుకున్నన్నాళ్లూ మరమ్మతు ఖర్చు పెరుగుతూనే ఉంది. ఆఖరికి 2014లో విప్పేశారు. మొదటి రోజునే తీసేసి ఉంటే దాని మంచి కర్రలు మరికొన్ని వంతెనలకు పనికొచ్చేవి. మొదటి రోజునే బాగుచేసి ఉంటే ఈ రోజు జనం దాని మీద నడిచేవారు. రెండూ జరగలేదు. అది చూసినవాళ్లకు ఎంత బాధ కలిగిందో నాకు అర్థమవుతుంది.

సిడ్నీ నడిబొడ్డున డార్లింగ్ హార్బరు మీద పిర్మాంట్ వంతెన ఉంది. అది కూడా అలన్‌దే, 1902లో తెరిచారు. మధ్యలో ఓడలు పోవడానికి ఉక్కు భాగం పక్కకు తిరుగుతుంది. ఆ రోజుల్లోనే కరెంటుతో తిప్పారు, అలా తిరిగే వంతెనల్లో ప్రపంచంలోనే మొదటివాటిలో అదొకటి. ఉక్కు భాగానికి రెండు వైపులా ఉన్న ట్రస్‌లన్నీ చెక్కవే. 1981లో వాహనాలకు మూసేశారు. కూలగొట్టాలనుకున్నారు, జనం ఒప్పుకోలేదు. నడిచేవాళ్లకు వదిలారు. ఈ రోజు సిడ్నీలో ఉన్న మనవాళ్లు సాయంత్రం పిల్లల్ని తీసుకుని షికారుకు వెళ్లేది దాని మీదనే. కింద ఉన్నది ఐరన్‌బార్క్ అని చాలామందికి తెలియకపోవచ్చు. కానీ రోజూ వేలమంది నడుస్తారు కనుక ఒక్క బోల్టు వదులైనా ఎవరో ఒకరు చూస్తారు, బిగిస్తారు.

మూడోది హంటర్ నది మీది మార్పెత్. 1898 నాటి వంతెన, అలన్ పద్ధతిలో కట్టినదే. దాని మీద ఇప్పటికీ కార్లు నడుస్తున్నాయి. దగ్గరలోని హింటన్, డన్‌మోర్ వంతెనలు కూడా అలాగే పనిచేస్తున్నాయి. 2012లో రాష్ట్ర రోడ్ల శాఖ లెక్క వేసుకుంటే, 400కు పైగా కట్టిన ట్రస్ వంతెనల్లో తన చేతిలో యాభైకి లోపే మిగిలాయి. అన్నింటినీ ఉంచడం సాధ్యం కాదని ఒప్పుకుని, ఏ రకానికి ఏవి మిగలాలో ఎంచి, సగానికి కాస్త పైగా ఉంచుకుని మిగతావి మార్చాలని నిర్ణయించింది. ఉంచుకున్నవాటిని నేటి లారీల బరువుకు తగ్గట్టు బలపరుస్తోంది. అవసరమైన చోట చెక్కకు ఉక్కు తోడు పెడుతున్నారు. అలా చేస్తే అసలు వంతెన ఎక్కడిదని ఆక్షేపించేవాళ్లున్నారు. నేను ఆ పక్షం కాదు. అలన్ తర్వాత వచ్చిన డీ బర్గ్ అనే ఇంజనీరు, ఆయన తర్వాత డేర్, ఇద్దరూ కింది దూలానికి కర్ర మానేసి ఉక్కే వాడారు, అక్కడ కర్రను అతకడం కష్టమని. వాళ్లు చేసిన పనే ఇప్పటివాళ్లూ చేస్తున్నారు.

ఇది వింటుంటే గోదావరి జిల్లాల శ్రోతలకు హేవలాక్ వంతెన గుర్తొచ్చే ఉంటుంది. అది చెక్క కాదు, ఇనుము, రైలు వంతెన. 1900లో తెరిచారు, 1997లో ఆపేశారు. పక్కన కాంక్రీటు కమానుల వంతెన వచ్చింది. కొత్త వంతెన అందం గురించి నేను చెప్పనక్కర్లేదు. పాతదాన్ని నడక దారి చెయ్యాలని, పర్యాటకులకు తెరవాలని ఎన్నోసార్లు మాటలు సాగాయి. రాజమండ్రి ప్రజలకు దాని మీద ఉన్న మమకారం పెద్దది. పిర్మాంట్ కథా, హ్యాంప్డెన్ కథా రెండూ ముందున్నాయి కనుక, మరికొన్నేళ్లు ఆగి చూద్దాం అనే మాట అక్కడ ఇక వినిపించకూడదని నా కోరిక.

కొత్త కాంక్రీటు వంతెన గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆస్ట్రేలియాలో ఇప్పుడు వంతెనను నూరేళ్లు నిలిచేలా లెక్క కట్టి కడతారు. అది విని కౌన్సిళ్లు ఊపిరి పీల్చుకుంటాయి, ఇక దాని వైపు చూడనక్కర్లేదు అనుకుంటాయి. చెక్క వంతెన ఉన్న రోజుల్లో దాని కోసం ఒక బృందం ఉండేది. స్పానర్లు పట్టుకుని వచ్చి బోల్టులు బిగించేది, ఊడిన పలక కొట్టేది, గుంజ మొదట్లో చెదల మట్టి గీకేది. కాంక్రీటు వచ్చాక ఆ బృందం చెదిరిపోతోంది. సుత్తి చప్పుడు విని కర్ర సంగతి చెప్పగల మనుషులు పదవీ విరమణ చేస్తున్నారు.

కాంక్రీటులో పుచ్చేది లోపలి ఇనుము. చువ్వ మీద కాంక్రీటు మందం తక్కువైనా, పైన నీళ్లు నిలిచినా తడి లోపలికి దిగుతుంది. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బుతుంది. ఉబ్బిన చువ్వ కాంక్రీటును పగలగొడుతుంది. సన్నని నెర్రె, దాని పక్కన ఎర్రని మరక కనిపించేనాటికి లోపల చాలా జరిగిపోయి ఉంటుంది. వరద వచ్చిపోయినప్పుడు స్తంభాల మొదట్లో ఇసుక కోసుకుపోతుంది, పైన నిలబడి చూస్తే ఏమీ తెలియదు, దిగి చూడాలి. చాలాచోట్ల ఈ కష్టాలకు మొదలు చిన్నది. వంతెన మీద వాన నీరు పోవడానికి అంచున గొట్టాలు పెడతారు. మట్టి, ఆకులు, గడ్డి చేరి అవి పూడిపోతాయి. గొట్టం పూడితే నీరు అక్కడే మడుగు కడుతుంది.

ఈసారి వాన వెలిశాక మీ ఊరి వంతెన మీదికి ఒకసారి నడిచి వెళ్లండి. అంచున నీళ్లు నిలిచి ఉంటే ఏ గొట్టం దగ్గర నిలిచాయో గుర్తుపెట్టుకుని, ఆ రోడ్డు పంచాయతీరాజ్ వాళ్లదో, ఆర్ అండ్ బీ వాళ్లదో కనుక్కుని, ఆ ఇంజనీరు గారికి చెప్పండి. పార పట్టిన ఒక్క మనిషికి అరపూట పని. అది ఈ వానాకాలంలోనే చేయించుకోండి.